ఇంగ్లిష్ రావడం వేరు, నేర్పడం వేరు: ఇంగ్లిష్ టీచర్‌గా ట్రైనింగ్ తీసుకోవాలంటే ఏం చేయాలి?

నా మొదటి బ్యాచ్‌లో 12 మంది. అందరూ పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం స్పోకెన్ ఇంగ్లిష్ కోసం వచ్చేవాళ్లే. మొదటి రోజు టెన్సుల మీద గంటసేపు అదరగొట్టాను, బోర్డు నిండా రాశాను, మధ్యలో రెండు జోకులు కూడా వేశాను. చివర్లో "అర్థమైందా?" అంటే అందరూ ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అన్నారు. ఇంటికి వెళ్తూ దారిలో చాయ్ తాగుతుంటే నా పాఠం నాకే తెగ నచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు ట్రైనింగ్ కోర్సులో చేరి అచ్చం అలాంటి క్లాసే ఒకటి చెప్పాను. వెనక కూర్చున్న ట్యూటర్ మేడమ్ వాచీ చూస్తూ లెక్క రాసుకున్నారు. 45 నిమిషాల్లో నేను మాట్లాడింది 36. మిగిలిన తొమ్మిదింటిని తొమ్మిది మంది స్టూడెంట్స్ పంచుకున్నారు, తలా ఒక నిమిషం. మాట్లాడ్డం నేర్చుకుందామని వచ్చినవాళ్లకి!

అందుకే ఈ లైన్లోకి రావాలనుకునేవాళ్లు ఎవరడిగినా ఒకటే చెప్తాను: మీరు నిజమైన స్టూడెంట్స్‌కి పాఠం చెప్తుంటే వెనక ఎవరైనా కూర్చుని చూసి, ఎక్కడ తప్పిందో తర్వాత మొహం మీదే చెప్పే కోర్సుకే డబ్బు పెట్టండి. మిగతావి పుస్తకాల్లో దొరుకుతాయి, యూట్యూబ్‌లో దొరుకుతాయి, ఇది మాత్రం దొరకదు. ఇక దారి మొదటి నుంచి చూద్దాం.

మొదటి మెట్టు: ఎవరికి నేర్పాలో తేల్చుకోండి

ఇది తేల్చుకోకుండా ఫీజు కట్టేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. గవర్నమెంట్ స్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్ కావాలన్నది మీ లక్ష్యమైతే దారి వేరే ఉంది: డిగ్రీలో ఇంగ్లిష్, ఇంగ్లిష్ మెథడాలజీతో బీఎడ్, ఆపైన టెట్, డీఎస్సీ. బీఎడ్ 2015 నుంచి రెండేళ్ల కోర్సు. ఎంత పేరున్న విదేశీ సర్టిఫికెట్ తెచ్చుకున్నా డీఎస్సీ దగ్గర అది బీఎడ్‌కి బదులుగా పనికిరాదు. రెండూ ఉంటే మంచిదే, కానీ ముందు బీఎడ్.

పెద్దవాళ్లకు నేర్పాలనుకుంటే, అంటే ఉద్యోగాలు చేసేవాళ్లు, ఐఈఎల్‌టీఎస్‌కి కూర్చునే నర్సులు, విదేశాలకు వెళ్లబోయే విద్యార్థులు, పిల్లల చదువులయ్యాక ఇంగ్లిష్ నేర్చుకుందామనుకునే గృహిణులు, వీళ్లకి నేర్పాలంటే సెల్టా (కేంబ్రిడ్జ్ వాళ్ల టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్, వివరాలు ఐదో మెట్టులో) లాంటి కోర్సులు సరిగ్గా సరిపోతాయి. అవి పుట్టిందే పెద్దవాళ్లకు నేర్పే టీచర్ల కోసం.

ఇప్పటికే ఏదో కాలేజీలోనో స్కూల్లోనో ఇంగ్లిష్ చెప్తూ, ఉద్యోగం మానకుండా చదవాలనుకుంటే మన హైదరాబాద్‌లోనే ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, ఉంది. తార్నాక వైపు తిరిగేవాళ్లకి ఆ గేటు తెలుసు, కానీ అది మొదట టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వడానికే పెట్టిన సంస్థ అన్న సంగతి చాలామందికి తెలీదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది (పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు), 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. దూరవిద్యలో వాళ్లకి ముందు పీజీసీటీఈ (పీజీ సర్టిఫికెట్), ఆ తర్వాత పీజీడీటీఈ (పీజీ డిప్లొమా) అని ఇంగ్లిష్ బోధన మీద కోర్సులున్నాయి. ఫొనెటిక్స్, గ్రామర్, మెథడ్స్ గట్టిగా చదివిస్తారు. విదేశీ కోర్సుల ఫీజుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. నోటిఫికేషన్ కోసం వాళ్ల వెబ్‌సైట్ మీద కన్నేసి ఉంచండి.

గవర్నమెంట్ టీచర్లయితే బెంగళూరులో 1963 నుంచి రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఉంది, దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు అక్కడ నెల రోజుల రెసిడెన్షియల్ ట్రైనింగ్ ఇస్తారు. డిపార్ట్‌మెంటే డెప్యూట్ చేయాలి కాబట్టి డీఈఓ ఆఫీసులో అడిగి చూడండి. వెళ్లొచ్చినవాళ్లు మీ మండలంలోనే ఒకరిద్దరు ఉంటారు.

రెండో మెట్టు: మీ ఇంగ్లిష్ ఏ స్థాయిలో ఉందో చూసుకోండి

ఇక్కడ మొహమాటం వద్దు. ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది, కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చింది, సీఈఎఫ్ఆర్ అంటారు. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పుకోగలగడం. సెల్టా లాంటి కోర్సులకు సీ1 లేదా సీ2 కావాలి. సీ1 అంటే ఏ టాపిక్ మీదైనా తడుముకోకుండా మాట్లాడగలగాలి, పెద్ద వ్యాసం చదివి అందులో పైకి చెప్పని మాట కూడా పట్టుకోగలగాలి, చదివినవాళ్లు తికమక పడకుండా నాలుగు పేరాలు రాయగలగాలి.

పరీక్ష రాయకుండానే ఇంట్లో ఒక అంచనాకు రావచ్చు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి "మా ఊళ్లో నీటి సమస్య" లాంటి విషయం మీద రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడండి. మర్నాడు వినండి, అదే రోజు వద్దు, మన మాట మనకి మరీ ముద్దుగా వినిపిస్తుంది. ఎన్నిచోట్ల "యాక్చువల్లీ", "బేసికల్లీ" అని కాలక్షేపం చేశారో లెక్కపెట్టండి. తర్వాత ఓ 250 పదాల వ్యాసం రాసి, మీకంటే బాగా వచ్చినవాళ్లకిచ్చి ఎర్ర పెన్నుతో దిద్దమనండి. పేజీలో రెండు మూడు తప్పులైతే ఫర్వాలేదు, ప్రతి లైన్లో ఒకటి ఉంటే మాత్రం ఓ ఆరు నెలలు మీ ఇంగ్లిష్ మీదే కూర్చోండి. అందులో సిగ్గేం లేదు.

యాక్సెంట్ గురించి టెన్షన్ వద్దు. నాలుక మెలితిప్పి అమెరికా యాస పెట్టక్కర్లేదు. మీ మాట ఎదుటివాళ్లకి మొదటిసారే అర్థమవ్వాలి, అంతే. నాతో కోర్సు చేసినవాళ్లలో టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివినావిడ ఒకరున్నారు, అందరికంటే బాగా పాఠం చెప్పింది ఆవిడే. స్టూడెంట్ ఎక్కడ తడబడతాడో ఆవిడకి ముందే తెలిసిపోయేది, ఎందుకంటే ఒకప్పుడు తనూ అక్కడే తడబడ్డారు.

మూడో మెట్టు: గ్రామర్‌ని టీచర్ కళ్లతో మళ్లీ చదవండి

ఒక చిన్న పరీక్ష. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పా, ఒప్పా? తప్పని వెంటనే చెప్పేస్తారు. ఎందుకు తప్పు? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "అలా అనరు" అన్నది జవాబు కాదు, వచ్చే నెల ఒక స్టూడెంట్ లేచి నిలబడి ఇదే అడుగుతాడు. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ అంటే గతంలో జరిగినదాన్ని ఇప్పటితో ముడిపెట్టి చెప్పడం, "నిన్న" అనగానే అది అయిపోయిన కాలమని తేల్చేసినట్టు, ఇక ఆ ముడి నిలవదు. ఇంత తేలిగ్గా చెప్పగలిగే దాకా మీరు చదవాలి.

నేను చేసింది ఏంటంటే, ఒక లాంగ్ నోట్‌బుక్ కొని రోజుకో పాయింట్ చొప్పున రెండు నెలలు రాశాను. ప్రతి పేజీలో మూడు గళ్లు: అర్థం ఏంటి, రూపం ఏంటి, నోటితో పలికేటప్పుడు ఎలా వినిపిస్తుంది. మొదటి రెండూ అందరూ రాస్తారు, మూడోదే వదిలేస్తారు. పుస్తకంలో "ఐ హావ్" అని ఉన్నా మాటల్లో అది "ఐవ్" అయిపోతుంది, "వాట్ డూ యూ" అన్నది "వాడ్యూ" లాగా వినిపిస్తుంది. స్టూడెంట్ పాడ్‌కాస్ట్ విని "వాళ్లు మింగేస్తున్నారు సార్" అంటే, ఏం మింగారో, ఎందుకు మింగారో మీరు చెప్పగలగాలి.

ఆ మూడో గడి కోసమే ఫొనెటిక్ స్క్రిప్ట్, అంటే ధ్వనికో గుర్తు పెట్టి రాసే లిపి, నేర్చుకోండి. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మామూలుగా 44 ధ్వనులని లెక్క, 20 అచ్చులు, 24 హల్లులు. వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. అందులో "ష్వా" అనే బలహీనమైన అచ్చు ఉంది, "టీచర్" చివర, "అబౌట్" మొదట్లో వినిపించేది అదే. తెలుగులో రాసిందల్లా పూర్తిగా పలుకుతాం కదా, ఇంగ్లిష్‌లోనూ మనవాళ్లు ప్రతి అక్షరాన్నీ నిండుగా పలికేస్తారు. స్ట్రెస్ కూడా అంతే. "ఫోటోగ్రాఫ్"లో బలం మొదటి ముక్క మీద, "ఫొటాగ్రఫీ"లో రెండోదాని మీద, "ఫోటోగ్రాఫిక్"లో మూడోదాని మీద. ఈ మూడూ పక్కపక్కన పైకి పలికి చూడండి, ఒకే కుటుంబంలోని ముగ్గురు మనుషులు మూడు రకాలుగా నడిచినట్టుంటుంది.

నాలుగో మెట్టు: తెలుగు ఎక్కడ అడ్డొస్తుందో పట్టుకోండి

లండన్ నుంచి వచ్చిన టీచర్‌కి లేని ఆస్తి మీకొకటి ఉంది. స్టూడెంట్ నోట్లోంచి తప్పు రాగానే దాని వెనక ఏ తెలుగు వాక్యం ఉందో మీకు కనిపిస్తుంది. "డైలీ ఐ విల్ గో టు జిమ్" అంటాడు ఒకడు. ఎందుకంటాడు? తెలుగులో "రోజూ జిమ్‌కి వెళ్తాను", "రేపు జిమ్‌కి వెళ్తాను" రెండింటికీ ఒకే క్రియ. అలవాటుకీ భవిష్యత్తుకీ మనకి తేడా లేదు, వాళ్లకుంది. ఇది చెప్పకుండా సింపుల్ ప్రెజెంట్ రూల్ ఎన్నిసార్లు రాయించినా గేటు దాటగానే మళ్లీ "విల్ గో" వచ్చేస్తుంది.

అలాగే "చూశాను" అన్న ఒక్క మాటలో ఇంగ్లిష్‌లోని "ఐ సా", "ఐ హావ్ సీన్" రెండూ ఉన్నాయి. మనకి "హావ్" అన్న క్రియే లేదు, "నాకు ఇద్దరు అన్నలు", "నాకు జ్వరం వచ్చింది", "నాకు ఆకలేస్తోంది", అన్నీ "నాకు" తోనే నడుస్తాయి. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ల నోట "ఫీవర్ కేమ్ టు మీ" లాంటివి వస్తాయి. "వస్తానని చెప్పాడు" అన్న వాక్యం "హీ టోల్డ్ దట్ ఐ విల్ కమ్" అయిపోతుంది, వచ్చేది ఎవరో తెలీక వినేవాడు తల గోక్కుంటాడు. "గురించి చర్చించాం" కాబట్టి "డిస్కస్డ్ అబౌట్". "కదా" అన్నింటికీ సరిపోతుంది కాబట్టి ఇంగ్లిష్‌లోనూ అన్నింటికీ "ఈజింట్ ఇట్".

ధ్వనుల దగ్గరికొస్తే, మనం "ఎ"తో మొదలయ్యే మాటకి ముందు "య", "ఒ"తో మొదలయ్యే మాటకి ముందు "వ" చేరుస్తాం, అందుకే "యెగ్గు", "వోపెన్". హల్లుతో ఆగిపోయే మాట మన చెవికి నచ్చదు, చివర ఓ "ఉ" తగిలిస్తాం: బస్సు, పెన్ను, కారు. "వెస్ట్" (పడమర), "వెట్" (పశువుల డాక్టర్) మాటల మొదటి ధ్వనులు వేరు, మనకి రెండూ "వ" నే. మీ బ్యాచ్ అంతా తెలుగువాళ్లే అయితే ఈ పేజీ మీ దగ్గర ఉండాలి. ఓ చిన్న డైరీలో విన్న తప్పు, దాని వెనకున్న తెలుగు, రెండూ పక్కపక్కన రాసుకుంటూ పోండి. నా దగ్గర అలాంటివి మూడు డైరీలున్నాయి, కొన్న ఏ పుస్తకం కంటే అవే ఎక్కువ పనికొచ్చాయి.

మరి క్లాసులో తెలుగు మాట్లాడొచ్చా? ట్రైనింగ్ కోర్సుల్లో బ్యాచ్‌ని బట్టి, ట్యూటర్‌ని బట్టి ఉంటుంది, ఎక్కువగా వద్దనే అంటారు. నా ఉద్దేశంలో ఒక్క మాటతో తేలిపోయేదాన్ని, "నెవర్‌దెలెస్" లాంటిదాన్ని, తెలుగులో చెప్పేసి ముందుకెళ్లడమే మేలు, దానికి ఐదు నిమిషాలు మూకాభినయం చేయడం దండగ. కానీ గ్రామర్ మొత్తం తెలుగులో ఉపన్యాసంలా చెప్పడం మొదలైతే అది ఇంగ్లిష్ క్లాసు కాదు, ఇంగ్లిష్ గురించిన క్లాసు.

ఐదో మెట్టు: కోర్సు ఎంచుకోవడం

ముందు పేర్ల గజిబిజి తీసేద్దాం. టెఫుల్, టెసోల్ అన్నవి వేరే భాషలవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే ఈ రంగానికున్న పేర్లు, ఒక సంస్థ ఇచ్చే డిగ్రీలు కావు. ఎవరైనా "120 గంటల టెసోల్ సర్టిఫికెట్" అని పేరు పెట్టి రెండు మూడు వేలకి అమ్ముకోవచ్చు, అమ్ముతున్నారు కూడా. వీడియోలు చూసి, మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకు టిక్ పెడితే పీడీఎఫ్ వచ్చేస్తుంది. కొన్ని ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీలకు ఆ కాగితం సరిపోతుంది కూడా, కాదనను. కానీ అందులో ఒక్క నిమిషం కూడా మీరు ఎవరికీ పాఠం చెప్పరు. ఈత గురించి వీడియోలు చూసి కాలవలో దిగినట్టే.

సెల్టా కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన సర్టిఫికెట్. దీని మూలం 1962లో లండన్‌లో ఇంటర్నేషనల్ హౌస్ అనే భాషల స్కూల్ పెట్టిన చిన్న టీచర్ ట్రైనింగ్ కోర్సు దగ్గరుంది. జాన్ హేక్రాఫ్ట్, ఆయన భార్య బ్రిటా మొదలుపెట్టారు, థియరీ తగ్గించి మొదటి వారం నుంచే క్లాసులో నిలబెట్టడం వాళ్ల పద్ధతి. ఇప్పటికీ అదే నడుస్తోంది. కనీసం 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు మీరు నిజమైన స్టూడెంట్స్‌కి పాఠం చెప్పాలి, కనీసం రెండు వేర్వేరు స్థాయిల వాళ్లకి. ఇంకో 6 గంటలు అనుభవమున్న టీచర్ల క్లాసులు చూడాలి. నాలుగు రాత అసైన్‌మెంట్లు, ఒక్కోటి 750 నుంచి 1000 పదాలు. చివర్లో పరీక్ష ఉండదు. మధ్యలో బయటి నుంచి ఒక అసెసర్ వచ్చి చూసిపోతారు. ఫుల్‌టైమ్ అయితే నాలుగైదు వారాలు, పార్ట్‌టైమ్ అయితే నెలలు, పూర్తిగా ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు. ఆన్‌లైన్‌లో కూడా స్టూడెంట్స్ నిజమైనవాళ్లే, జూమ్ లాంటిదాంట్లో చెప్తారు. 18 ఏళ్లు నిండాలి. ఫీజు లక్ష దాటుతుంది, సెంటర్‌ని బట్టి ఇంకా పైకి పోతుంది, అప్పు చేసి కట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సర్ట్ టెసోల్ కూడా దాదాపు అదే బరువు, 130 గంటలు, అందులోనూ 6 గంటల పాఠాలు. దాంట్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది: మీకు బొత్తిగా తెలియని ఏదో భాషలో కొన్ని క్లాసులు చెప్తారు, కొత్త భాష ముందు బిత్తరపోయి కూర్చోవడం ఎలా ఉంటుందో మీకే తెలిసొస్తుంది.

లక్ష లేదా? టీకేటీ (టీచింగ్ నాలెడ్జ్ టెస్ట్) అని కేంబ్రిడ్జ్‌దే ఇంకోటుంది. మూడు ప్రధాన మాడ్యూల్స్, ఒక్కోటి 80 నిమిషాల్లో 80 ప్రశ్నలు, పాస్ ఫెయిల్ లేదు, 1 నుంచి 4 దాకా బ్యాండ్ ఇస్తారు. ఇది సెల్టాకి బదులు కాదు, ఇందులో పాఠం చెప్పడం లేదు. కానీ మెథడ్స్, పరిభాష తెలుసుకోవడానికి క్రమశిక్షణగా చదివిస్తుంది. దీంతో పాటు, పదేళ్లు అనుభవమున్న ఏ టీచర్‌నైనా బతిమాలి మీ క్లాసులు నాలుగైదు చూడమంటే లక్ష రూపాయల దాంట్లో సగం పని అయినట్టే.

ఏ సెంటర్‌లో చేరినా డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. నేను ఎన్ని గంటలు పాఠం చెప్తాను, ఎవరికి? వాళ్లు బయటినుంచి వచ్చే స్టూడెంట్సా, లేక మేమే ఒకరికొకరం స్టూడెంట్స్‌లా నటించాలా? ఎవరు చూస్తారు, ఫీడ్‌బ్యాక్ రాసిస్తారా? ఫెయిలైతే ఏంటి? "అవన్నీ చేరాక చెప్తాం మేడమ్" అంటే బ్యాగ్ సర్దుకుని వచ్చేయండి.

ఆరో మెట్టు: అప్లికేషన్, ఇంటర్వ్యూ

సెల్టాకి అప్లై చేస్తే ముందు ఒక టాస్క్ పంపిస్తారు. కొన్ని తప్పు వాక్యాలిచ్చి తప్పేంటో, స్టూడెంట్‌కి ఎలా చెప్తారో రాయమంటారు. రెండు మాటల మధ్య తేడా అడుగుతారు, మీకు బాగా నేర్పిన ఒక టీచర్ గురించి రాయమంటారు. దీన్ని గూగుల్ చేసి దింపేయడం, ఇప్పుడైతే చాట్‌బాట్‌తో రాయించడం, రెండూ బుద్ధి తక్కువ పనులే. ఎందుకంటే ఇంటర్వ్యూలో అవే వాక్యాలు ముందు పెట్టి నోటితో చెప్పమంటారు, అక్కడికక్కడే ఏదో ఒకటి రాయమంటారు కూడా. గ్రామర్ నోట్‌బుక్ చేసినవాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు.

ఇంటర్వ్యూలో వాళ్లు ఇంకోటి కూడా చూస్తారు, మిమ్మల్ని సరిదిద్దితే మీ మొహం ఎలా మారుతుందో. "లేదండీ, మా సార్ ఇలాగే చెప్పారు" అని వాదనకి దిగినవాళ్లకి కష్టం.

ఏడో మెట్టు: ఆ నాలుగైదు వారాలు

చేరే ముందే ఇంట్లో చెప్పేయండి: ఈ నెల రోజులు పెళ్లిళ్లు లేవు, పేరంటాలు లేవు. నిజంగానే లేవు. పగలు ఇన్‌పుట్ సెషన్లు, అంటే ట్యూటర్లు మీకు చెప్పే క్లాసులు, ఆ తర్వాత టీపీ, అంటే టీచింగ్ ప్రాక్టీస్, ఆపైన ఫీడ్‌బ్యాక్, రాత్రికి మర్నాటి లెసన్ ప్లాన్. మామూలుగా 45 నిమిషాల చొప్పున ఎనిమిది పాఠాలు పడతాయి. మొదటి పాఠం ఎవరిదైనా ఘోరంగానే ఉంటుంది.

మొదటి రోజే మానిపించే మాట ఒకటుంది: "అర్థమైందా?" మన దేశంలో దానికి "అర్థమైంది" తప్ప వేరే జవాబు లేదు, అర్థం కాలేదంటే మాస్టారికి కోపమొస్తుందని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. దాని బదులు కాన్సెప్ట్ చెకింగ్ ప్రశ్నలు వేయమంటారు. "హీ యూజ్డ్ టు స్మోక్" నేర్పారనుకోండి. ఇప్పుడు తాగుతున్నాడా? లేదు. ఇంతకుముందు? తాగేవాడు. ఒక్కసారా, చాలాసార్లా? చాలాసార్లు. మూడు ప్రశ్నల్లో ఎవరికి ఎక్కలేదో తేలిపోతుంది. ప్రశ్నలో "యూజ్డ్ టు" అన్న మాట రాకూడదు, అదే దీనిలో కిటుకు. అప్పటికప్పుడు తట్టవు, ముందు రోజు రాత్రే రాసుకోవాలి.

రెండోది, సూచనలు చెప్పడం. "ఇప్పుడు మీరందరూ ఏం చేస్తారంటే, ముందు చదువుతారు, చదివి, లేదు లేదు, ముందు పార్ట్‌నర్‌ని చూసుకోండి..." ఇలా నేను ఒకసారి పూర్తిగా మూడు నిమిషాలు సూచనలే చెప్పాను, చివరికి ఎవరూ ఏమీ మొదలుపెట్టలేదు. చిన్న వాక్యాలు చాలు. చదవండి. రెండు నిమిషాలు. రాయొద్దు. తర్వాత ఒక ఉదాహరణ మీరే చేసి చూపించి, కాగితం ఆఖర్న పంచాలి. ముందే పంచితే మీ మొహం ఎవరూ చూడరు.

మూడోది నోరు మూసుకోవడం. ప్రశ్న అడిగి ఐదు సెకన్లు ఆగడం ఎంత కష్టమో చేస్తేనే తెలుస్తుంది, ఆ నిశ్శబ్దం మనల్ని తినేస్తుంది, జవాబు మనమే చెప్పేస్తాం. ఆ ఐదు సెకన్లలోనే స్టూడెంట్ మనసులో వాక్యం కూర్చుకుంటాడు.

స్టూడెంట్స్‌ని మాట్లాడించాలంటే మాట్లాడక తప్పని పని ఇవ్వాలి. నా ఆరో టీపీకి ముగ్గురికి మూడు కాగితాలిచ్చాను: ఒకరి దగ్గర ఫంక్షన్ హాళ్ల రేట్లు, ఒకరి దగ్గర హాళ్లు ఖాళీ ఉన్న తేదీలు, ఇంకొకరి దగ్గర ముహూర్తాలు. ఒకరి కాగితం ఒకరికి చూపించకూడదు, పది నిమిషాల్లో హాలు బుక్ చేయాలి. క్లాసు చేపల మార్కెట్టే, కానీ అంతా ఇంగ్లిష్‌లోనే. భోజనం రేటు దగ్గర ఇద్దరు నిజంగానే గొడవపడ్డారు. నేను పక్కన నిలబడి తప్పులు రాసుకున్నాను, చివర్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద ఐదు వాక్యాలు రాస్తే వాళ్లే దిద్దుకున్నారు.

ఇలా పని అప్పజెప్పి భాష నేర్పే పద్ధతి విదేశీ సరుకనుకుంటారు చాలామంది. దాని తొలి పెద్ద ప్రయోగం మన పక్కనే జరిగింది. ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు లాంటి చోట్ల మామూలు స్కూళ్లలో చేశారు, ప్రపంచమంతా దాన్ని బెంగళూరు ప్రాజెక్ట్ అంటారు. టైమ్‌టేబుళ్లు, మ్యాపులు పెట్టి పిల్లల చేత లెక్క తేల్పించేవారు, గ్రామర్ పాఠం విడిగా చెప్పేవారు కాదు. నా కోర్సులో ఈ పేరు వచ్చినప్పుడు కొంచెం గర్వంగా కూర్చున్నాను, నాకు సంబంధం లేకపోయినా.

అసైన్‌మెంట్లు నాలుగు: ఒక స్టూడెంట్‌ని ఇంటర్వ్యూ చేసి వాళ్ల బలాలు, తప్పులు రాసేది ఒకటి, గ్రామర్, మాటల మీద ఒకటి, చదవడం వినడం లాంటి స్కిల్స్ మీద ఒకటి, మీ పాఠాల గురించి మీరే రాసుకునేది ఒకటి. తిప్పి పంపిస్తే మళ్లీ ఒకసారి రాసి ఇవ్వొచ్చు, నాలుగింటిలో మూడు పాసైతే చాలు. మొదటిది తిరిగొచ్చిందని ఏడ్చినవాళ్లను చూశాను, చాలామందికి తిరిగొస్తుంది, ఏడవకండి. ప్రశ్నలో అడిగిన పాయింట్ ఒకటి వదిలేసి ఉంటారు, అంతే. ఎక్కడా కాపీ కొట్టొద్దు, దానికి మాత్రం క్షమాపణ ఉండదు.

ఫీడ్‌బ్యాక్ గురించి ఒక మాట. తోటి ట్రైనీల ముందే మీ పాఠాన్ని విప్పి చూపిస్తారు. మొదటి వారం నాకు చెవులు ఎర్రబడేవి. రెండో వారం నుంచి ఒక అలవాటు చేసుకున్నాను, ట్యూటర్ నోరు విప్పకముందే నా తప్పులు నేనే మూడు చెప్పేయడం. మొదట అది తప్పించుకునే ఎత్తే, తర్వాత్తర్వాత నిజంగానే కనిపించడం మొదలైంది. గ్రేడ్లు మూడు: పాస్, పాస్ బి, పాస్ ఎ. చాలామందికి మామూలు పాసే వస్తుంది, ఉద్యోగమిచ్చేవాళ్లకి అది చాలు.

ఎనిమిదో మెట్టు: సర్టిఫికెట్ చేతికొచ్చాక

ఇక్కడే ఉండి చేసుకునేవాళ్లకి పనికి లోటు లేదు. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లు, ఇంజనీరింగ్ కాలేజీల కమ్యూనికేషన్ ల్యాబులు, కార్పొరేట్ ట్రైనింగ్, ఆన్‌లైన్ బ్యాచ్‌లు. కానీ "30 రోజుల్లో అనర్గళంగా" అన్న ఫ్లెక్సీ కట్టే సంస్థలో చేరితే మీరు నేర్చుకున్నదంతా పక్కన పెట్టి 60 మందికి మైకులో లెక్చర్ ఇమ్మంటారు, అది ముందే తెలుసుకుని చేరండి. నా సలహా, మొదటి మూడు నెలలు మీ అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో ఎనిమిది మందికి మించకుండా ఒక బ్యాచ్ పెట్టుకోండి. ఫీజు తక్కువైనా తీసుకోండి, ఉత్తినే చెప్తే మూడో రోజు నుంచి ఎవరూ రారు.

విదేశాల గురించి కాస్త చేదు నిజం. చాలా ప్రకటనల్లో "నేటివ్ స్పీకర్స్ ఓన్లీ" అని ఉంటుంది. దక్షిణ కొరియా ప్రభుత్వ స్కూళ్లలో టీచర్లను తీసుకునే ఎపిక్ ప్రోగ్రామ్ ప్రధానంగా ఏడు దేశాల పౌరుల కోసం పెట్టింది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. మన పాస్‌పోర్ట్‌తో అలాంటి తలుపులు తట్టి మనసు కష్టపెట్టుకోకండి. గల్ఫ్‌లో భారతీయ స్కూళ్లు చాలా ఉన్నాయి, అక్కడ డిగ్రీ, బీఎడ్, అనుభవం అడుగుతారు, సెల్టా వాటి పైన అదనపు బలం. తీసుకుంటామన్న దేశం ఏదైనా వీసా రూల్స్ ఆ దేశ ఎంబసీ సైట్‌లోనే చూడండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

ఏజెంట్ ఉద్యోగం పేరు చెప్పి ముందే డబ్బు అడిగితే ఆగిపోండి. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్ల వివరాలు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి, అక్కడ పేరు లేనివాడితో మాటలే వద్దు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చనేవాళ్ల దగ్గర చాయ్ కూడా తాగకండి. సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కి, అంటే అవి అసలైనవేనని ప్రభుత్వం చేత ముద్ర వేయించుకోవడానికి, టైమ్ పడుతుంది, ముందు రాష్ట్రంలో హెచ్‌ఆర్‌డీ (విద్యాశాఖ), తర్వాత విదేశాంగ శాఖ. కొన్ని దేశాలకి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ముద్ర చాలు, కొన్నింటికి ఆ దేశ ఎంబసీ స్టాంపు కూడా కావాలి. డిగ్రీ మీదా, పాస్‌పోర్ట్ మీదా ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో ఈ రోజే తీసి చూసుకోండి, తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి.

రెండేళ్లు చెప్పాక, అంతకుముందు వద్దు, డెల్టా గురించి, అంటే సెల్టా పైన కేంబ్రిడ్జ్ ఇచ్చే డిప్లొమా గురించి, ఆలోచించొచ్చు. అది మూడు మాడ్యూల్స్, విడివిడిగా చేసుకోవచ్చు. అప్పటిదాకా ఎల్టాయ్‌లో, అంటే దేశంలోని ఇంగ్లిష్ టీచర్ల సంఘంలో, సభ్యత్వం తీసుకుంటే సమావేశాల్లో మనలాంటివాళ్లు తగులుతారు.

ఇంకో పని నెలకోసారి చేయండి, పైసా ఖర్చు లేదు. స్టూడెంట్స్‌కి చెప్పి ఫోన్ రికార్డర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టండి, రాత్రికి వింటూ మీరు మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టండి. నాది మొన్న గంటలో 22 వచ్చింది. అందులో నాలుగు నిమిషాలు మళ్లీ జోకులే.